ముసలమ్మ లేవడం లేదు

(చింతపల్లి, జనవరి, ఇంకా తెల్లవారలేదు. లంబసింగి చలి ఇక్కడికి నడిచి రావడానికి ఎక్కువసేపు పట్టదు. పెరట్లో బానెట్ ఎత్తిన పాత డీజిల్ జీపు, అందులో సగం దూరిన సూర్యం, గడప మీద కొంగు బిగించిన పార్వతి. నేను పక్క వాటాలో పళ్లు తోముకుంటున్నాను. ఆ పని ఆ రోజు చాలాసేపు సాగింది.)

పార్వతి: ఇందాక ఫోనులో మెకానిక్‌తో ఏమన్నారో మళ్లీ అనండి.

సూర్యం: ఏమన్నాను? ఉన్నమాటే అన్నాను.

పార్వతి: "ముసలమ్మ చలికి లేవడం లేదు, వెనక నుంచి ఇద్దరు తోస్తే గానీ కదలదు" అనలేదూ?

సూర్యం: అబద్ధమా? నిన్న నువ్వూ ఒక చెయ్యి వేశావు కదా.

పార్వతి: నేను మా అమ్మను తోశానా!

సూర్యం: మధ్యలో అత్తయ్య ఎందుకు వచ్చింది? నేను చెప్పింది జీపు సంగతి.

పార్వతి: జీపు పొద్దున్నే తెల్ల పొగ వదులుతుందా?

సూర్యం: వదులుతుంది.

పార్వతి: పొద్దున్నే చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ పెట్టుకుని కూర్చునేది ఈ ఇంట్లో ఎవరో ఊరంతటికీ తెలుసు.

సూర్యం: తల్లీ, తెల్ల పొగ వచ్చిందంటే ఒకందుకు మంచిదే. డీజిల్ సిలిండరు దాకా చేరుతోంది, మండకుండా బయటికి పోతోంది. అసలు పొగే రాకపోతే గొట్టంలో ఎయిర్ పట్టిందనో, ఫిల్టరు మూసుకుపోయిందనో వెతుక్కోవాలి.

పార్వతి: మండకుండానా? మీ మాటలు చెవిన పడితే మా అమ్మకు బాగానే మండుతుంది.

సూర్యం: అయ్యో రామా.

పార్వతి: "నాలుగూ పోయాయేమో" అన్నారు. ఆవిడకు మిగిలినవే నాలుగు! పైగా "కొత్తవి పెట్టడం తేలికే, పీకేటప్పుడు లోపల విరిగితేనే కష్టం" అని ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్నారు.

సూర్యం: అవి హీటర్ ప్లగ్గులే, పళ్లు కాదు! పెట్రోలు బండికి ఉన్నట్టు దీనికి నిప్పురవ్వ ఉండదు. గాలిని సుమారు 20వ వంతుకు నొక్కేస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఈ చలిలో ఇనుమంతా ఆ వేడిని మింగేస్తుంది. అందుకే ముందు తాళం సగం తిప్పి, ప్లగ్గులు ఎర్రగా కాలేదాకా ఆగి, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టాలి.

పార్వతి: ఆగడమా, మీరా? పెళ్లిచూపుల్లో నేను బయటికి రాకముందే జంతికలు అవగొట్టిన మనిషి.

సూర్యం: జంతికలు మీ అమ్మే కొసరి కొసరి పెట్టింది. ఇప్పుడు మాత్రం ఆగుతున్నాను. హీటర్ దీపం వెలిగి, ఆరాకే కొడుతున్నాను. అంటే ఫోనులో నేను పడ్డ అనుమానం తప్పు, ప్లగ్గులు బాగున్నట్టే.

పార్వతి: దీపం వెలిగితే ప్లగ్గులు కాలినట్టా? వీధి చివర "మంచినీటి కుళాయి" అని బోర్డు ఉంది, ఎప్పుడైనా చుక్క రాలిందా?

(సూర్యం తల బయటికి వచ్చింది. ఈ మాట మెకానిక్ కూడా చెప్పలేదు. మెకానిక్ తప్పేమీ లేదు. ఘాట్ దిగి నర్సీపట్నంలో అతని దగ్గరికి చేరేసరికి ఇంజను వేడిగా ఉంటుంది, ఎన్నిసార్లు ఆపినా తాళం తిప్పగానే లేచి కూర్చుంటుంది.)

సూర్యం: బ్యాటరీ అయి ఉంటుంది.

పార్వతి: బ్యాటరీ దిగితే సెల్ఫ్ మూలుగుతుంది. ఇది గిర్రున తిరిగి వీధి కుక్కలన్నిటినీ లేపింది.

సూర్యం: ఇవన్నీ నీకెవరు చెప్పారు?

పార్వతి: ఇన్నేళ్లుగా మీరు బానెట్ కింద గొణుక్కుంటుంటే టార్చిలైటు పట్టుకున్నది ఎవరు? ఆ బల్బు ఇలా ఇవ్వండి.

(హెడ్‌లైటు నుంచి తీసిన పాత బల్బుకు రెండు తీగలు చుట్టారు. ప్లగ్గులన్నిటికీ కరెంటు పంచే పట్టీ విప్పారు. ఒక తీగ బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ప్లగ్గు కొనకు. ప్లగ్గు బాగుంటే బల్బు వెలగాలి. మొదటిది, చీకటి. రెండోది, చీకటి. మూడోదీ అంతే. నాలుగోదానికి బల్బు భగ్గున వెలిగి సూర్యం ముక్కు మీది నల్ల నూనె కనిపించింది.)

సూర్యం: మూడు పోయాయి. ఒక్కటే మిగిలింది.

పార్వతి: మా అమ్మే నయం.

సూర్యం: కొత్తవి నర్సీపట్నంలో దొరుకుతాయి. అక్కడికి వెళ్లాలంటే ఇది లేవాలి. ఎండ ఎక్కేదాకా ఆగుదాం.

పార్వతి: తొమ్మిదింటికల్లా అమ్మను కంటి డాక్టరుకు చూపించాలి కదా.

సూర్యం: తెలుసు. లేకపోతే ఈ చలిలో నాలుగింటికి లేచి దీని కింద ఎందుకు దూరతాను?

(పార్వతి కాసేపు ఏమీ అనలేదు. తన శాలువా తీసి అతని మెడ చుట్టూ, అవసరమైన దానికంటే గట్టిగా, బిగించింది.)

పార్వతి: మీ తుమ్ములకు నాకు నిద్ర పట్టదు, అందుకు. కాగులో నీళ్లు మరుగుతున్నాయి, తేనా?

సూర్యం: అవి అత్తయ్య స్నానానికి కదా!

పార్వతి: ముసలమ్మకని పెట్టినవే, ముసలమ్మకే వాడదాం.

సూర్యం: చూశావా, ఇప్పుడు నువ్వే అన్నావు!

పార్వతి: నేను కూతుర్ని, అంటాను. మీరు అల్లుడు.

(వేడినీళ్లలో ముంచి పిండిన గోనెసంచిని, ఇంజనులోకి గాలి వెళ్లే మానిఫోల్డు చుట్టూ కప్పారు. చల్లారితే మళ్లీ ముంచారు. కాగు ఖాళీ అయింది. సెల్ఫ్ కొట్టగానే జీపు దగ్గింది, తుమ్మింది, ఒక సిలిండరు అందుకుంది, రెండోది అలిగింది, ఎట్టకేలకు నాలుగూ కలిశాయి. పెరడంతా తెల్ల పొగ. ఇంట్లోంచి పెద్దావిడ దగ్గు.)

పార్వతి: ఆపేయండి, అమ్మ లేచినట్టుంది.

సూర్యం: ఇప్పుడు ఆపితే మళ్లీ లేవదే!

పార్వతి: ఎవరు?

సూర్యం: (ఆచితూచి) జీపు.

పార్వతి: అయితే ఆపకండి. ఆవిడకు మళ్లీ నీళ్లు కాచాలి. అంతదాకా అలాగే కూర్చోండి.

సూర్యం: అరగంట ఊరికే డీజిల్ తగలెయ్యాలా?

పార్వతి: లేకపోతే అమ్మను చన్నీళ్లతో స్టార్టు చేయమంటారా?