ఆకుపచ్చ చుక్క గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ చార్జింగ్ యాప్ మ్యాపులో వెలిగే ఆకుపచ్చ చుక్క గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమం. తమరి క్షేమం నిన్న మధ్యాహ్నం కళ్లారా చూసి వచ్చాను కాబట్టి ప్రత్యేకంగా అడగడం లేదు.

సూర్యాపేట దాటాక హైవే పక్క హోటల్ వెనక తమరు కొలువై ఉన్నారనీ, 'అందుబాటులో ఉంది' అనీ ఫోను చెప్పింది. మా కరెంటు కారులో 11 శాతం చార్జి మిగిలింది. ఆ మాట నమ్మి ఏసీ కట్టేసి, అద్దాలు దించి, లారీల వెనక నలభై వేగంతో పాకుతూ వచ్చాం. వెనక సీట్లో మా అత్తగారు పట్టుచీరలో ఉడికిపోతూ, "అల్లుడు గారూ, పెట్రోలు బండికి ఏమి లోటు వచ్చిందని?" అని ఒక్కసారే అడిగారు. ఒక్కసారే అడగడంలో ఉన్న కర్కశత్వం తమరికి తెలియదు.

వచ్చి చూస్తే తమరి స్తంభం నిలబడే ఉంది. తెర నల్లగా ఉంది. చార్జింగ్ గన్ను పెట్టే గూట్లో కందిరీగలు కాపురం పెట్టాయి. కేబుల్ మీద హోటల్ వాళ్ల బల్లలు తుడిచే గుడ్డలు వరసగా ఆరుతున్నాయి. "పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టి దండ వేశారు సార్. నెల తిరక్కుండా పోయింది" అన్నాడు వాచ్‌మన్, ఎవరో దూరపు బంధువు గురించి చెబుతున్నట్టు. నిజమే, పూలు రాలిపోయిన బంతిదండ దారం ఇంకా మెడలోనే ఉంది.

సరే, యంత్రమన్నాక చెడిపోతుంది. మా మిక్సీ చెడిపోలేదా? కానీ మా మిక్సీ చెడిపోయాక కూడా బాగున్నానని ఊరంతా చాటలేదు. హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే ఆ అమ్మాయి, "సిస్టంలో పచ్చగానే ఉంది సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంది. ఆన్‌లో ఉంటే కదా తల్లీ ఆఫ్ చేసేది! నేను దాని పక్కనే నిలబడి ఉన్నానని చెప్పాను. కందిరీగల సంగతి చెప్పాను. "కానీ సిస్టంలో పచ్చగానే ఉంది సార్" అని మళ్లీ అంది. రెండు కళ్లున్న మనిషి మాట చెల్లలేదు, తమరి చుక్క మాటే చెల్లింది.

హైవేకు రెండు వైపులా 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ కేంద్రం ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2018లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఉండాలనే కదా అంది! తమరు ఉన్నారు. ఆ లెక్కలో తమరూ ఒకరు. కరెంటు బండ్ల కోసం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్లలో 2,000 కోట్లు తమరి వంశాభివృద్ధికే కేటాయించారు, 72 వేల పైచిలుకు కేంద్రాలట. అయ్యా లెక్కలు చూసేవారూ, స్తంభాలు లెక్కపెట్టకండి, వాటి నుంచి బండ్లలోకి వెళ్లిన యూనిట్లు లెక్కపెట్టండి. దేశం 2070 నాటికి కర్బన ఉద్గారాల్లో నికర సున్నా సాధిస్తానంది. నువ్వు తొందరపడి నీ మట్టుకు ఇప్పుడే సాధించేశావు.

నువ్వు అన్నానా? క్షమించాలి. కాదు, క్షమించనక్కర్లేదు, నువ్వే. నువ్వు ఎర్రగా ఉండి ఉంటే సూర్యాపేట ఊళ్లోనే ఎక్కడో చూసుకునేవాణ్ని. బూడిద రంగులో ఉన్నా ఫరవాలేదు. అబద్ధం ఆడావు, అదీ 11 శాతం ఉన్నవాడితో!

మిగతావి తిట్టే ఓపిక లేదు. కంపెనీకొక యాప్, యాప్‌కొక వాలెట్. రోడ్డు పన్ను మినహాయించిన తెలంగాణ ప్రభుత్వానికి దండం. కారు పొగ రామగుండం థర్మల్ కేంద్రం గొట్టంలోంచి వస్తుందిలే అనే మా బావమరిదికి జవాబు మరోసారి చెబుతాను.

చివరికి వాచ్‌మనే జాలిపడి వంటగది వెనక, పిండి గ్రైండరు పక్కన ఉన్న పదిహేను ఆంపియర్ల సాకెట్ చూపించాడు. గంటకు మూడు యూనిట్లు, అంటే ఓ ఇరవై కిలోమీటర్లు. కోదాడకు నలభై పైనే. అరగంట కాగానే కరెంటు పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఇంతలో గోడ అవతల డీజిల్ జనరేటర్ దగ్గి, ఊగి, నల్లటి పొగ వదిలింది. నా కారు ముందు చార్జింగ్ దీపం మళ్లీ మినుకుమంది. కరెంటు బండ్లకిచ్చే ఆకుపచ్చ నంబరు పలక మీద మసి పడుతుంటే అత్తగారు ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని నావైపు చూశారు. ఈసారి ఏమీ అడగలేదు.

విజయవాడలో మేనకోడలి నిశ్చితార్థానికి చేరేసరికి టెంటువాళ్లు కుర్చీలు మడుస్తున్నారు.

అన్నట్టు, మేము బయలుదేరుతుంటే ఇంకో పచ్చ పలక బండి లోపలికి వచ్చింది. ఏసీ లేదు, అద్దాలు దించి ఉన్నాయి. ఒకాయన దిగి, ఫోను చేత్తో పట్టుకుని, నవ్వుతూ నీ వైపే నడుస్తున్నాడు. నేను కారు ఆపి, "వంటగది వెనకండీ, గ్రైండరు పక్కన" అన్నాను.

ఇట్లు,
నీ వాలెట్‌లో 212 రూపాయలు ఇరుక్కుపోయినవాడు