అడగనివాళ్ళని అలాగే వదిలేస్తారా?

"పెద్దవాళ్ళని ప్రశాంతంగా వదిలేయండి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే, మంచి మనసుతోనే పంపారు. అందుకే చదివి ఊరుకోలేకపోతున్నాను. అందులో ఐదు ముక్కలున్నాయి. వయసు మీదపడ్డాక ఒంటరితనం సహజం. దానివల్ల మనసు నొచ్చుకోవడమే తప్ప ఒంటికి నష్టం లేదు. పిల్లలు దగ్గరుండి, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే ఇక లోటుండదు. తోడు కావాలంటే వాళ్ళే అడుగుతారు, అడగనివాళ్ళని కదిలించకూడదు. బయటివాళ్ళు కల్పించుకుంటే మోసాలు జరుగుతాయి.

మొదటిది ఎంతోసేపు నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. అది అందరికంటే ఎక్కువగా కనిపించింది టీనేజీ పిల్లల్లో. పదహారేళ్ళ పిల్ల గదిలోంచి బయటికి రాకపోతే మనకి టెన్షన్ మొదలవుతుంది. డెబ్భై ఆరేళ్ళావిడ రాకపోతే మాత్రం సహజమా?

రెండోదీ అంతే. 2010లో అమెరికా పరిశోధకురాలు జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికుండే అవకాశం లేనివాళ్ళకంటే 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒంటరితనంతో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 పైమాటే. నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది, మందు వేసుకున్నారా అని అడిగే మనిషి ఉండరు. బాత్రూంలో కాలుజారి పడితే ఆ సంగతి ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం.

పిల్లలు దగ్గరుంటే చాలన్నవాళ్ళు వినికిడి తగ్గిన పెద్దాయన్ని భోజనాల వేళ ఒక్కసారి గమనించండి. అందరూ నవ్వితే ఆయనా నవ్వుతారు, ఒక క్షణం ఆలస్యంగా. "ఏమన్నారు?" అని రెండుసార్లు అడుగుతారు. మూడోసారి "ఏం లేదులే నాన్నా" అని జవాబొస్తుంది. కొన్నాళ్ళకి అడగడమే మానేసి, తిని లేచి వెళ్ళిపోతారు. ఇంటినిండా మనుషులే, ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరు. మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం సరిదిద్దుకోగల 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. వినికిడి లోపం, మనుషులకి దూరమవడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆయనకి ముందు కావలసింది వినికిడి పరీక్ష. ఆ తర్వాత, ఎదురుగా కూర్చుని మొహం చూస్తూ నిదానంగా మాట్లాడే ఒక మనిషి.

ఇక నాలుగోది. "వాళ్ళే అడుగుతారు." నాకు అసలు కోపం ఈ మాట మీదే. మిగతావి తప్పులైతే తప్పులు, ఇది మాత్రం మనకి హాయిగా తప్పుకునే దారి చూపిస్తోంది.

మా పై అంతస్తులో టీచరుగా పనిచేసి రిటైరైన పెద్దావిడ ఉంటారు. భర్త పోయాక ఒక్కరే. ఒక సాయంత్రం కిందికి దిగివచ్చి, "అమ్మాయ్, నా ఫోన్ పాడైనట్టుంది, ఒకసారి రింగ్ ఇచ్చి చూడు" అన్నారు. ఇచ్చాను. చేతిలోనే మోగింది. "బానే ఉందే" అని పైకి వెళ్ళిపోయారు. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చారు, ఆ తర్వాత వారం మళ్ళీ. నేను సెట్టింగులు చూశాను, సిమ్ తీసి పెట్టాను, సౌండ్ పెంచాను. ఫోన్ పాడవలేదని, ఆ ఫోన్‌కి ఎవరూ చేయడంలేదని నాకు తట్టడానికి మూడు నెలలు పట్టింది. ఇది అడగడం కాదా? ఇంతకంటే ఎలా అడుగుతారు? ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి మన గుమ్మంలో నిలబడి "నాకు ఒంటరిగా ఉంది, కాస్త మాట్లాడండి" అనాలా?

ఆ మాట నోటితో ఒప్పుకోవడం కష్టమని ఒంటరితనాన్ని కొలిచే పరిశోధకులకి ఎప్పటినుంచో తెలుసు. వాళ్ళు వాడే మూడు ప్రశ్నల చిన్న కొలమానం ఒకటుంది. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది, మిమ్మల్ని పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది, నలుగురికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది. ఈ మూడే. ఒంటరితనం అనే మాట ఎక్కడా రాదు.

జింబాబ్వేలోని హరారేలో 2006లో డాక్టర్ డిక్సన్ చిబాండా బామ్మలతో కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక బెంచీ, దానిమీద కొంత శిక్షణ పొందిన బామ్మ, పక్కన కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషి. చిబాండా మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టబోతే, ఆ పేరుంటే ఎవరూ రారని చెప్పింది బామ్మలే. అలా అది స్నేహపు బెంచీ అయింది. ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. అక్కడ పెద్దవాళ్ళు సాయం అందుకునేవాళ్ళు కాదు, చేసేవాళ్ళు.

కదిలిస్తే ఇబ్బంది పడతారనేవాళ్ళకి ఇంకో సంగతి. 2020లో అమెరికాలోని టెక్సాస్‌లో, చాలావరకు ఇంటికే పరిమితమైన 240 మందిని తీసుకుని, వాళ్ళలో సగంమందికి నాలుగు వారాలపాటు ఫోన్లు చేయించారు. చేసినవాళ్ళు డాక్టర్లు కారు, 17 నుంచి 23 ఏళ్ళ కుర్రవాళ్ళు. మొదటి ఐదు రోజులు రోజూ చేశారు, ఆ తర్వాత వారానికి ఎన్నిసార్లు చేయాలో అవతలివాళ్ళనే ఎంచుకోమన్నారు. ఫోన్లు అందుకున్నవాళ్ళలో ఒంటరితనం, దిగులు, ఆందోళన తగ్గాయి. కదిలించడం, అవతలివాళ్ళ ఇష్టానికి విలువివ్వడం రెండూ ఒకేసారి కుదురుతాయి. ఫోన్‌తో మేలు జరిగిందంటే అటువైపు ఒక మనిషి ఉండి, చెప్పిన రోజున చేశారు కాబట్టి. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి వీడియోలు చూసుకోమంటే అది జరగదు.

ఐదోది చదివినప్పుడు కొట్టిపారేద్దామనే అనుకున్నాను. పారేయలేను. అది నిజం. మాట్లాడే దిక్కులేని పెద్దవాళ్ళని వెతికి మరీ మోసం చేసేవాళ్ళు ఉన్నారు, తీయగా పలకరించడంతోనే మొదలుపెడతారు. రోజూ పలకరించే నమ్మకమైన మనిషి ఉంటే "ఇలా ఫోనొచ్చింది, డబ్బు పంపమంటున్నారు, ఏమంటావు?" అని అడిగే వీలుంటుంది, నిజమే. కానీ ఆ నమ్మకమైన మనిషే మోసం చేస్తే? ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ మెసేజ్ రాసినవాళ్ళకి ఉంది.

అందుకే, ఇలాంటి పెద్దవాళ్ళని పలకరించడానికి వెళ్ళే మేము కొందరం పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. కొత్తవాళ్ళు వెళ్తే ఇద్దరుగానే వెళ్ళాలి. ఎవరు వస్తున్నారో ఆ పెద్దవాళ్ళ పిల్లలకి ముందే చెప్పాలి. బ్యాంకు కార్డు, ఓటీపీ, సంతకం, బీరువా తాళం, వీటి జోలికి మాలో ఎవరూ వెళ్ళకూడదు, వాళ్ళే ఇచ్చినా తీసుకోకూడదు. ఫోటోలు తీయకూడదు. పై అంతస్తు టీచరుగారు ఇదంతా విని, నా చేతిరాత బాగోలేదని తనే తెల్లకాగితం మీద వరస నంబర్లు వేసి రాశారు. కింద ఇంకో వరస చేర్చారు: "వస్తామన్న రోజు రాకపోతే ముందుగా ఫోన్ చేసి చెప్పాలి." ఆ కాగితం ఇప్పుడు వాళ్ళ తలుపు లోపలివైపు అంటించి ఉంది.