పంతంగి టోల్: "కంపెనీ వెళ్ళిపోయింది, రుసుం ఎందుకు?" అన్న వాదనకు జవాబు

చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. హైదరాబాద్–విజయవాడ రహదారిని కంపెనీ తన సొమ్ముతో వేసిందనీ, సర్కారుకు పైసా ఖర్చు కాలేదనీ, ఇప్పుడు ఆ కంపెనీ తప్పుకుంది కనుక పంతంగి, కొర్లపహాడ్‌ల వద్ద టోల్ చెల్లించవలసిన పని లేదనీ, పైగా టోల్ ఏమాత్రం తగ్గలేదనీ దాని సారాంశం. ఇందులో నిజమైనది ఒక్కటే: ఆ రోడ్డు వేసిన జీఎంఆర్ సంస్థ 2024లో తప్పుకుంది.

"సొంత సొమ్ము" అన్న మాట సరికాదు. పాత రెండు వరుసల రోడ్డు అప్పటికే ప్రజలది. దాన్ని నాలుగు వరుసలకు విస్తరించడానికి కావలసిన భూమిని సేకరించి ఇచ్చింది ప్రభుత్వమే. ఇలాంటి ఒప్పందాల్లో కంపెనీ వాటా కొంతే ఉంటుంది, మిగిలినది బ్యాంకు అప్పు. ఆ అప్పు తీరేది 2012 డిసెంబరు నుంచి మనం కడుతూ వచ్చిన టోల్‌తోనే.

రోడ్డు కంపెనీది కాదు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 4వ సెక్షన్ ప్రకారం జాతీయ రహదారులన్నీ కేంద్రానివే. రుసుం వసూలు చేసుకునే హక్కును మాత్రమే ఒప్పందం ద్వారా కొంతకాలానికి కంపెనీకి ఇస్తారు, కనుక అది తప్పుకున్నప్పుడు ఆ హక్కు జాతీయ రహదారుల సంస్థకు తిరిగి వస్తుందే తప్ప రద్దయిపోదు. టోల్ ఎగ్గొట్టమని చెప్పే ఈ సందేశాన్ని నమ్మి గేటు దగ్గర గొడవపడే డ్రైవరుకు చట్టం అండగా నిలవదు.

అసలు అడగవలసిన విషయాన్ని ఆ సందేశం పక్కన పెట్టేసింది. ఇలాంటి ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో రాకపోకలు తగ్గే నష్టభయాన్ని కంపెనీ మోస్తుందన్నది మొదట చెప్పిన మాట. 25 ఏళ్ళ ఒప్పందంలో ఆరు వరుసలకు పెంచడం కూడా ఉంది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక, దానివల్ల వాహనాలు తగ్గాయనీ, అది ఒప్పందం ప్రకారం పరిహారం ఇవ్వవలసిన "చట్టంలో మార్పు" కిందకు వస్తుందనీ కంపెనీ పరిహారం కోరింది. వివాదం మధ్యవర్తిత్వానికీ, ఢిల్లీ హైకోర్టుకూ వెళ్ళింది. చివరకు ఒప్పందం మధ్యలోనే ముగిసింది. ఆ వాదనలో న్యాయం ఎవరివైపు ఉన్నా, ఆరు వరుసల పని మాత్రం కంపెనీ చేయకుండానే మిగిలిపోయింది. ఊళ్ళకు అడ్డంగా పోయే నాలుగు వరుసల రోడ్డును రోజూ దాటే రైతులూ, పిల్లలూ ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించారు. ప్రమాదకరమని గుర్తించిన 17 చోట్ల మరమ్మతుల భారం ప్రభుత్వ సంస్థ మీదే పడింది.

టోల్ ఏమాత్రం తగ్గలేదన్న మాట కూడా తప్పే: 2025 ఏప్రిల్‌లో పంతంగి వద్ద కార్లకు ఒకవైపు 15 రూపాయలు తగ్గింది.

నిలదీయాలంటే దీన్ని నిలదీయండి. పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చాక రుసుం 40 శాతానికి తగ్గాలని 2008 నాటి జాతీయ రహదారుల రుసుం నిబంధనల్లో ఉండేది. 2023 సవరణ ఆ ఊరటను తీసివేసింది. పంతంగి గేటు గుండా నెలకు ఎన్నోసార్లు వెళ్ళే మనవాళ్ళు నల్లగొండ, భువనగిరి ఎంపీలను ఈ సవరణ గురించే అడగాలి.