సర్వర్‌తో మొహమాటం దేనికి?

నెట్‌లో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి పంపడానికి చాలా ప్రోగ్రాములు వాడుకునే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. 2020 మార్చి 17న వచ్చిన దాని 1.1.1ఇ వెర్షన్ ఒక మంచి పని చేసింది. సర్వర్ ‘నేను పంపాల్సింది అయిపోయింది’ అని చెప్పే ‘క్లోజ్ నోటిఫై’ సందేశం పంపకుండా కనెక్షన్ తెంపేస్తే, అది ప్రోటోకాల్ తప్పేనని నిర్మొహమాటంగా చెప్పడం మొదలుపెట్టింది. పాత పద్ధతికి అలవాటుపడ్డ ప్రోగ్రాములు గగ్గోలు పెట్టాయి. రెండు వారాలకే, మార్చి 31న విడుదలైన 1.1.1ఎఫ్‌లో ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. 2021 సెప్టెంబరులో 3.0తో అది మళ్లీ వచ్చింది. కాకపోతే ఈసారి కళ్లు మూసుకోవాలనుకునేవాళ్ల కోసం ఒక ఆప్షన్ కూడా పెట్టారు.

నా దృష్టిలో తప్పు ఆ ఆప్షన్‌లోనే ఉంది.

ఎన్‌క్రిప్షన్‌కు అడుగున ఉండి డేటాను మోసే టీసీపీ ప్రోటోకాల్‌లో కనెక్షన్ ముగిసిందని చెప్పే ఫిన్ ప్యాకెట్‌కు ఏ ఎన్‌క్రిప్షనూ ఉండదు. దారిలో ఉన్నవాడు మన డేటా చదవలేకపోవచ్చు, మార్చలేకపోవచ్చు. కానీ ఒక దొంగ ఫిన్ పంపి, సమాధానాన్ని తనకు కావలసిన చోట తుంచేయగలడు. క్లోజ్ నోటిఫై అలా కాదు, ఎన్‌క్రిప్షన్ లోపలే వస్తుంది, దాన్ని బయటివాడు సృష్టించలేడు. ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్ ఎస్‌ఎస్‌ఎల్ 2.0లో లేని ఈ ఏర్పాటును 1996లో ఎస్‌ఎస్‌ఎల్ 3.0లో తెచ్చింది ఇందుకే. అది రాని సమాధానం కింద ‘ఇట్లు’ లేని ఉత్తరం లాంటిది. రాసినాయన ఆపాడో, ఎవరైనా చింపారో తెలియదు.

చింపితే ఏమవుతుంది? ఇన్‌స్టాల్ స్క్రిప్టును కర్ల్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాముతో దించి, ఆదేశాలను వచ్చినవి వచ్చినట్టే అమలు చేసే షెల్‌కు నేరుగా అందించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందులో ఒక తాత్కాలిక ఫోల్డర్‌ను తుడిచేసే లైను ఉందనుకోండి. పాత్ సగంలో తెగితే మిగిలేది దాని పై ఫోల్డర్ పేరు. షెల్ దాన్నే తుడిచేస్తుంది, అడగదు కూడా. జాగ్రత్తపరులు స్క్రిప్టు మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లో పెట్టి చివరి లైనులో పిలిచేది ఈ భయంతోనే. ఇక 2014లో ఫ్రాన్స్‌లోని కంప్యూటర్ పరిశోధన సంస్థ ఇన్రియాకు చెందిన కార్తికేయన్ భార్గవన్, ఆయన సహ పరిశోధకులు చూపించినది ఇంకా సున్నితమైన కోత. సైటు బ్రౌజర్‌ను దాచుకోమని పంపే కుకీ హెడర్‌ను, ఎన్‌క్రిప్షన్ ఉంటేనే దీన్ని పంపు అని చెప్పే ‘సెక్యూర్’ అనే మాటకు ముందే తెంపితే, కొన్ని బ్రౌజర్లు ఆ సగం కుకీనే దాచుకున్నాయి. తర్వాత ఆ కుకీ ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీలో కూడా బయటికి పోతుంది.

హెచ్‌టీటీపీ 1.1లో సమాధానం ఎంత పొడవో చెప్పే కంటెంట్-లెంగ్త్ ఉంది, చంకులుగా, అంటే ముక్కలుగా పంపితే అయిపోయిందని చెప్పడానికి చివర సున్నా చంక్ ఉంది, ఇంకా ఈ గొడవెందుకంటారు కొందరు. లెక్క సరిచూసుకునే క్లయింటుకైతే ఆ మాట నిజమే. కానీ ‘రెండు సెకన్లు ఏమీ రాకపోతే అయిపోయినట్టే’ అని టైమౌట్ పెట్టుకుని కూర్చునే కోడ్ తక్కువేమీ లేదు. నెట్ నెమ్మదిస్తే చాలు, దానికి సగం సమాధానమే పూర్తి సమాధానం అయిపోతుంది. పైథాన్ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ అయితే ఇలాంటి అర్ధంతరపు తెగింపును మామూలు ముగింపుగా చూపించే సెట్టింగును డిఫాల్టుగా ఆన్‌లోనే ఉంచింది.

అసలు జబ్బు ఇంకా పాతది. పంపేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకో, తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండు అని 1980లో ఇంటర్నెట్ తొలితరం నిర్మాతల్లో ఒకరైన జాన్ పోస్టెల్ టీసీపీ పత్రంలో రాశారు. మనవాళ్లు మొదటి సగం వదిలేసి రెండో సగం పట్టుకున్నారు. క్లయింట్లన్నీ సర్దుకుపోతుంటే సర్వర్ రాసేవాడికి ఆ ఒక్క క్లోజ్ నోటిఫై పంపాల్సిన అవసరం ఎప్పుడు తెలిసొస్తుంది? ఈ ఉదారత ప్రోటోకాల్స్‌ను దీర్ఘకాలంలో చెడగొడుతుందని ఇంటర్నెట్ ప్రమాణాల వర్గాలే 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9413 అనే పత్రంలో ఒప్పుకున్నాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నిర్వాహకులు కూడా ఆ ఆప్షన్‌ను ఎప్పుడు తీసేస్తారో తేదీ ప్రకటించాలి. ఈసారి ఎవరు గగ్గోలు పెట్టినా రెండు వారాల్లో జడవకూడదు.