ఒడిలో కూర్చోబెట్టినా చెల్లని దత్తత

మా మేనత్త తన ఆరేళ్ల మనవరాలిని పెద్ద కూతురి ఒడిలో కూర్చోబెట్టినప్పుడు తెనాలిలోని ఆ ఇంట్లో కంట తడి పెట్టని వారు లేరు. పాప తల్లిదండ్రులిద్దరూ రోడ్డు ప్రమాదంలో పోయి అప్పటికి ఏడు నెలలు. దత్తత తీసుకుంటున్న వదిన, అన్నయ్య అమెరికా పౌరులు. దత్తహోమం జరిగింది, మర్నాడు దత్తపత్రం రిజిస్టరయింది. త్వరలో విమానం ఎక్కుతానని పాప తన గౌన్లు చిన్న సంచిలో సర్దుకుని మంచం కింద పెట్టుకుంది. ఆ సంచి అక్కడి నుంచి కదలడానికి రెండున్నరేళ్లు పట్టింది. మధ్యలో పొట్టివైపోయిన గౌన్లు తీసి కొత్తవి పెట్టడం మేనత్త వంతయింది.

ఆ దత్తత చెల్లదని ఒక న్యాయవాది చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. తల్లిదండ్రులు లేని పిల్లను సంరక్షకులు దత్తత ఇవ్వాలంటే ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. అమ్మమ్మ కదా అని మేనత్త ఇచ్చేస్తే సరిపోదు. ఈ నియమాన్ని నేను తప్పుపట్టను, అది బిడ్డ రక్షణ కోసం పెట్టింది. నన్ను కలచివేసింది రెండో కారణం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 11వ సెక్షన్ ప్రకారం కూతురు ఉన్నవారు మరో ఆడపిల్లను, కొడుకు ఉన్నవారు మరో మగపిల్లవాణ్ణి దత్తత తీసుకోకూడదు. వదినకు పన్నెండేళ్ల కూతురు ఉంది. కాబట్టి కన్నవారిని పోగొట్టుకున్న చెల్లెలి కూతురు ఆమెకు ఈ చట్టం కింద కూతురు కాలేదు.

వంశం నిలవడానికి, పిండం పెట్టడానికి ఒక్క కొడుకు చాలుననే పాత ఆలోచన ఈ నియమం వెనక ఉంది. అందులో పెద్దల అవసరమే కనిపిస్తుంది, బిడ్డ అవసరం కనిపించదు. 2010లో ఈ చట్టాన్ని సవరించి, భర్త సమ్మతితో వివాహిత స్త్రీ కూడా దత్తత తీసుకోవచ్చన్నారు. ఎంతో మంచి మార్పు. 11వ సెక్షన్‌ను మాత్రం అలాగే వదిలేశారు.

మా వాళ్లు మళ్లీ మొదటి నుంచి, ఆ అడ్డంకి లేని 2015 నాటి బాలల న్యాయ చట్టం దారి పట్టారు. అమెరికాలో ఇంటికి వచ్చి చేసే హోమ్ స్టడీ, భారతదేశంలో బాలల సంక్షేమ కమిటీ, కోర్టు ఉత్తర్వు, కేంద్ర దత్తత సంస్థ కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఈ దారిలో నాకు నచ్చినది ఒకటుంది. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి తీసుకోవాలి. ఒక అధికారిణి పాపను పక్కన కూర్చోబెట్టుకుని "పెద్దమ్మ దగ్గర ఉంటావా?" అని అడిగారు. "అక్క కూడా ఉంటుందిగా" అంది పాప. చట్టం అడ్డంకిగా చూపిన ఆ అక్కే పాపకు ధైర్యం. 1956 చట్టం బిడ్డ ఇష్టాన్ని చూడమనేది సంరక్షకులు కోర్టు అనుమతి అడిగినప్పుడే, కన్నవారు దత్తత ఇచ్చేటప్పుడు కాదు.

తనిఖీలు ఎత్తేయమని నేను అనడం లేదు. 1999లోనూ, 2001లోనూ లంబాడా తండాల నుంచి కొన్న ఆడశిశువులు హైదరాబాదులోని శిశు సంస్థల్లో బయటపడిన సంగతి మన తరం మరిచిపోలేదు. దేశాల మధ్య దత్తతలపై కుదిరిన హేగ్ ఒప్పందంలో భారతదేశం 2003లో చేరింది కూడా ఇలాంటి వ్యాపారాన్ని అడ్డుకోవడానికే. తనిఖీ జరగాలి, కానీ దానికి గడువు ఉండాలి. దరఖాస్తు అందిన రెండు నెలల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతోంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం కలెక్టర్లది. అంతకు ముందు కాగితాలు బల్ల నుంచి బల్లకు తిరిగే నెలలకు కూడా అలాంటి కట్టుబాటు కావాలి.

హిందూ చట్టం కింద దత్తత తీసుకున్న ప్రవాసులు కారా పత్రం పొందేందుకు 2021 నిబంధనలు దారి చూపాయి. చెల్లని దత్తతకు ఆ దారి ఉపయోగపడదు. అందుకే విదేశంలో ఉండేవారు దత్తపత్రంతో వచ్చినప్పుడు, అది చెల్లుతుందో లేదో రిజిస్ట్రేషన్‌కు ముందే చూసి చెప్పే బాధ్యతను రిజిస్ట్రారుపై పెట్టాలి. మాకు ఆ మాట ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఏడాదికి పైగా కలిసివచ్చేది.

భారతదేశం నుంచి మంత్రులు, ఎంపీలు వచ్చినప్పుడు మన ప్రవాస సంఘాలు వినతిపత్రాలు ఇస్తుంటాయి. నేరుగా విమానాలు, వీసాల గడువు వాటిలో తప్పకుండా ఉంటాయి. ఈసారి 11వ సెక్షన్‌లోని ఆ రెండు క్లాజుల రద్దు వాటికంటే ముందు ఉండాలి.