హెడ్ గ్యాస్కెట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెడ్ గ్యాస్కెట్ గారి దివ్యసముఖమునకు,

కనిగిరి నుంచి పాత పెట్రోలు బండి యజమాని వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలం కాదని తెలుసు. రెండో సిలిండర్‌కీ మూడోదానికీ నడుమ మాడిపోయి, మా వసారాలో పాత పేపరు మీద పడి ఉన్నారు. మర్యాద కొద్దీ అడిగా.

పైన ఇంజిను మూతలాంటి హెడ్డు, కింద సిలిండర్లుండే బ్లాకు, నడుమ రెండు మిల్లీమీటర్లు కూడా లేని పలచటి అడ్డుపొర మీరు. ఒక పక్క రెండు వేల డిగ్రీలు దాటే మంట, ఇంకో పక్క నీళ్లు, మరో పక్క ఆయిలు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కకుండా చూడటం మీ ఉద్యోగం. మీరు కాస్త కన్నంటించారో లేదో, మంట వెళ్లి నీళ్లలో పడింది, రేడియేటర్లో బుడగలు. నీళ్లొచ్చి సిలిండర్లో పడ్డాయి, సైలెన్సర్ నిండా తెల్లపొగ. ఆయిల్లోనూ నీళ్లు కలిసి, మూత తీస్తే లోపల మీగడ. అదీ పొదిలి రోడ్డు మీద, రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం. ముహూర్తం ఎవరు పెట్టారండీ?

పాపమంతా మీమీదే నెట్టను. బండి నాకమ్మినాయన రేడియేటర్లో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశాడు. మా ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. అప్పటికి మేం నెల్లూరు జిల్లా. 1970లో మాకు కొత్త జిల్లా వచ్చింది, నీళ్లు మాత్రం పాతవే. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేటు. ఇంజినును చంపేది అందులోని ఉప్పూ సున్నమూ. రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తెల్లగా అట్టకట్టుకుపోయి ఉన్నాయి.

ఇక మీ ఖరీదు. వింటే జాలేస్తుంది. మండలాఫీసులో సంతకం లాంటివారు మీరు. సంతకానికి పైసా అక్కర్లేదు, ఆ బల్ల దాకా చేరేసరికే ఆస్తి కరిగిపోతుంది. టైమింగ్ బెల్టు విప్పాలి, కార్బురేటర్ దించాలి, మానిఫోల్డు తుప్పు నట్లను కిరసనాయిలు పోసి బతిమాలాలి. సరే, ఇంట్లోనే చేసుకుందామని బానెట్ ఎత్తానా, నా పెళ్లికి రానివాళ్లు కూడా వచ్చారు.

ఎదురింటాయన రావడం రావడమే, "రేడియేటర్లో గుప్పెడు పసుపెయ్ అబ్బయ్యా, అదే అతుక్కుంటది" అన్నాడు. చిన్న బెజ్జానికైతే లారీ డ్రైవర్లు వేస్తారు, నిజమే. ఇక్కడ కాలింది మీరని చెప్పినా ఆయన తగ్గలేదు. ఇంకొకాయన, ఇంజిను కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను పీకి పారెయ్యమన్నాడు, మన ఎండలకు దాంతో ఏం పనని. అప్పుడొచ్చాడు ఆర్టీసీ డిపోలో చేసి రిటైరైన మా బాబాయి. "అది లేకపోతే ఇంజిను సరిగా కాగదురా, పెట్రోలు తాగుద్ది" అని, దాన్ని దారానికి కట్టి, మా ఇంట్లో టీగిన్నెలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాడు. అంచున 82 అని చెక్కి ఉంది, అంటే అన్ని డిగ్రీలకు తెరుచుకోవాలి. నీళ్లు సలసలమంటున్నా నోరు తెరవలేదు. కొత్తది తెచ్చాం. టీగిన్నెను మాత్రం మా ఆవిడ మళ్లీ లోపలికి రానివ్వలేదు.

హెడ్డు మీద స్కేలు నిలబెట్టి కింద బిళ్ల దూర్చి చూశాడు బాబాయి. 0.05 మిల్లీమీటర్లకు మించి వంగకూడదని మాన్యువల్. నడుమ అంత మందం బిళ్ల అడ్డం లేకుండా దూరిపోయింది. లేతు మీద ఫేసింగ్ పట్టించి చదును చేయిద్దామని, హెడ్డును పాత లుంగీలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కా. కండక్టర్ వంగి చూసి, లగేజీ కొట్టాలో అర టికెట్టు కొట్టాలో తేల్చుకోలేక వదిలేశాడు. పక్క సీటు పెద్దాయన ఎరగని ఊరివాడు, అయినా ఊరుకోలేదు: "ఫేసింగ్ ఎక్కువ పట్టనీమాకు, కంప్రెషన్ పెరిగి ఇంజిను కొట్టుద్ది." లేతు దగ్గర అదే మాట నాదిగా చెప్పా. బో మర్యాదగా చూశారు.

బిగింపు రోజు వీధంతా హాజరు. సైకిలు పుల్లకు గుడ్డ చుట్టి బోల్టు రంధ్రాల్లో తడి, జిడ్డు తుడిచాడు బాబాయి. అడుగున నూనె నిలిస్తే బోల్టు బిగుసుకున్నట్టే ఉండి మోసం చేస్తుందట. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి ట్రాక్టర్ షెడ్డాయనది. ఇచ్చి, దాంతోపాటే తనూ వచ్చి కూర్చున్నాడు. పక్కింటి ఇంటర్ పిల్ల ఫోన్లో మాన్యువల్ చదువుతుంటే, నడిమి బోల్టుల నుంచి అంచులకు, ఒక్కసారి కాకుండా విడతలవారీగా బిగించాం. చెయ్యే లెక్క అని వాదించినవాళ్లు సైతం రెంచి టక్కుమనేదాకా ఊపిరి బిగబట్టారు.

తాళం తిప్పగానే మళ్లీ తెల్లపొగ! "పాయె" అన్నారు నలుగురు. "గొట్టంలో నిలిచిన నీళ్లు ఆరొద్దంటయ్యా?" అని కసిరాడు బాబాయి. కాసేపటికి పొగ తగ్గింది, వేడి చూపే ముల్లు సగం దగ్గర ఆగింది, ఫ్యాను తిరిగింది. వెంటనే ఎవరి సలహా ఫలించిందో తేల్చే పంచాయతీ మొదలైంది. అది ఇంకా నడుస్తోంది.

మీ వారసుడికి తొలి డ్యూటీ పడింది. ఈ శనివారం మాలకొండ. అక్కడ గుడి శనివారమే తెరుస్తారు కాబట్టి వాయిదా కుదరదట. సీట్లు పంచేసుకున్నారు. స్టీరింగ్ బాబాయిది, వెనక షెడ్డాయన కుటుంబం. నాకు చోటు లేదు. ముందు సీటు ఎదురింటాయనది. దారిలో అవసరపడుద్దని పావుకిలో పసుపు కొనిపెట్టుకున్నాడు.

ఇట్లు,
ఆర్సీ బుక్కులో మాత్రమే యజమాని