పాత ఊళ్లు వాటంతటవే మిగల్లేదు

ఇంగ్లాండ్‌లో ఓ పాత ఊరు చూసొచ్చిన మనవాళ్లు ఫొటోలు చూపిస్తూ దాదాపు ఒకే మాట అంటారు: ‘వాళ్లకు చరిత్రంటే ఎంత గౌరవమో!’ అందులో సగమే నిజం. ఆ వంకర దూలాల ఇళ్లు, స్తంభాల మీద నిలిచిన సంత మండపాలు, తల వంచి లోపలికి వెళ్లాల్సిన పబ్బులు మిగలడానికి గౌరవం ఒక్కటే కారణం కాదు. ఒక్కోసారి అది అసలు కారణమే కాదు.

సఫోక్‌లోని లావెన్‌హామ్ సంగతే చూడండి. ఉన్ని బట్ట నేసి, నీలి రంగు అద్ది అమ్మిన ఊరు. 16వ శతాబ్దం తొలి రోజుల్లో ఇంగ్లాండ్‌లోని సంపన్న పట్టణాల్లో ఒకటి. అక్కడి గిల్డ్‌హాల్, అంటే ఊరి సంఘం వాళ్ల సమావేశ భవనం, 1529 ప్రాంతంలో లేచింది. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకే కోల్‌చెస్టర్‌లో స్థిరపడిన డచ్ నేతగాళ్ల తేలికపాటి, చవకైన బట్ట ముందు లావెన్‌హామ్ సరుకు నిలవలేకపోయింది. డబ్బున్న ఊళ్లలో జనం చెక్క ఇళ్ల ముఖాలకు ఇటుక తొడిగి కొత్త ఫ్యాషన్‌లోకి మారుతుంటే, లావెన్‌హామ్ వాళ్లకు ఆ స్తోమత లేదు. ఉన్న ఇంట్లోనే సర్దుకున్నారు. గిల్డ్‌హాల్ జైలైంది, తర్వాత పేదల చేత పని చేయించుకుని తిండీ నీడా ఇచ్చే వర్క్‌హౌస్ అయింది. ఇప్పుడు మనం టికెట్ కొని చూసే అందాన్ని అలా లేమి కాపాడింది.

ఆ ఇళ్ల వంకరకూ ఓ కారణముంది. ఓక్ కర్రను పచ్చిగా ఉండగానే కోసి కట్టేవారు. అది ఇంటిలో భాగమయ్యాక ఏళ్ల తరబడి ఆరుతూ మెలి తిరిగేది. వడ్రంగులు దూలాలన్నీ తమ ఆవరణలోనే కోసి, ఒకసారి అమర్చి చూసి, ఏది ఎక్కడో తెలిసేలా ఉలితో రోమన్ అంకెలు చెక్కి, విప్పి, కట్టే చోటికి తీసుకెళ్లేవారు. వెళ్లినప్పుడు కీళ్ల దగ్గర వెతకండి, చాలా ఇళ్లలో ఆ గీతలు ఇంకా కనిపిస్తాయి. తెల్ల గోడ, నల్ల దూలం అనే జంట రంగు మాత్రం చాలాచోట్ల విక్టోరియా కాలపు ముచ్చటే.

నాకు బాగా ఇష్టమైన ఊరు వేల్స్ సరిహద్దున ష్రాప్‌షైర్‌లో ఉన్న లడ్లో. నార్మన్ ప్రభువులు కోట కట్టుకుని, దాని గుమ్మం ముందే సంతవీధి వేసి, ఊరిని గీత గీసినట్టు పెంచారు. సంతవైపు ముఖం కావాలని ప్రతి వ్యాపారీ కోరుకోవడంతో ఇళ్ల స్థలాలు ముందు ఇరుకుగా, వెనక్కి పొడవుగా సాగాయి. వెడల్పాటి వీధి మధ్యలో వేసిన తాత్కాలిక అంగళ్లు కాలక్రమంలో పక్కా కట్టడాలైపోయాయి. ఈనాటి సన్నటి సందులు అలా పుట్టినవే. మన ఊళ్లలో ‘పేట’ లాగే అక్కడ ‘చిప్పింగ్’ అనే మాట ఉంది. చిప్పింగ్ క్యామ్డెన్ వంటి పేర్లలో దాని అర్థం సంత.

లడ్లో కోట దగ్గర తెలుగువాళ్లు కాసేపు ఆగాలి. అక్కడి నుంచి వేల్స్ సరిహద్దు ప్రాంతాన్ని ఏలిన పాలక మండలి 1689లో రద్దయ్యాక ఆ కోట పాడుబడింది. 1811లో దాన్ని కొన్నవాడు పోవిస్ ఎర్ల్ ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ కొడుకు. ఇప్పటికీ అది పోవిస్ ఎస్టేట్ చేతిలోనే ఉంది. ఉత్తర సర్కారులకు మొగల్ పాదుషా నుంచి 1765లో ఫర్మానా సంపాదించింది తండ్రి. 1800లో నిజాం దత్త మండలాలను, అంటే కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను, ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్నది ఈ కొడుకు. అదే జిల్లాలోని ష్రూస్‌బరీలో 1596 నాటి సంత మండపం ఎదుట తండ్రి విగ్రహం నిలబడి ఉంది. దాన్ని తీసేయాలని 2020లో కొందరు అడిగారు. కౌన్సిల్ ఒప్పుకోలేదు. విగ్రహం ఉండాలా వద్దా అన్నది ఆ ఊరివాళ్లు తేల్చుకోవాలి. కానీ ఆ కుటుంబం సంపద ఎక్కడిదో చెప్పకుండా రాళ్ల వయసు మాత్రమే చెబితే అది వారసత్వ రక్షణ అనిపించుకోదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక చట్టం. 1947 పట్టణ ప్రణాళిక చట్టంతో చారిత్రక కట్టడాల జాబితాకు పునాది పడింది. 1700కు ముందు కట్టి, అసలు రూపు చాలావరకు మిగిలి ఉన్నవి దాదాపు అన్నీ అందులోకి వస్తాయి. అత్యున్నతమైన గ్రేడ్ 1 దక్కేది సుమారు 2.5 శాతానికే. అయితే జాబితా గోడను, దూలాన్ని కాపాడుతుంది. లోపల పబ్బు నడవాలని మాత్రం అది శాసించలేదు. అందుకే 2011 లోకలిజం చట్టం విలువైనది. ఊరివాళ్లు తమ పబ్బును ‘సమాజానికి విలువైన ఆస్తి’గా నమోదు చేయిస్తే, అమ్మకానికి వచ్చినప్పుడు కొనుగోలుకు డబ్బు కూడగట్టుకునేందుకు ఆరు నెలల గడువు దొరుకుతుంది. 2017 నుంచి ప్రణాళికా అనుమతి లేకుండా పబ్బును కూల్చడానికీ వీల్లేదు.

అయినా 2023 ఆగస్టులో స్టాఫర్డ్‌షైర్‌లోని క్రూకెడ్ హౌస్ పోయింది. 1765 నాటి కట్టడం. కింద బొగ్గు గనుల వల్ల నేల కుంగి ఒక పక్కకు ఒరిగిన పబ్బు. బల్ల మీద గోళీ పెడితే ఎదురెక్కినట్టు కనిపించేది. ఆగస్టు 5 రాత్రి తగలబడింది, 7న కూల్చేశారు. అది జాబితాలో లేదు. తిరిగి కట్టాలని మరుసటి ఫిబ్రవరిలో స్థానిక కౌన్సిల్ ఆదేశించింది. ఇది ఉత్తుత్తి ఆదేశం కాదు. లండన్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్బును 2015లో అనుమతి లేకుండా కూల్చినవాళ్ల చేతే ఇటుక ఇటుకగా మళ్లీ కట్టించారు. 2021లో అది తెరుచుకుంది. ఊరివాళ్లు వదలకుండా పోరాడారు కాబట్టే అది సాధ్యమైంది.

లడ్లో కోట ముందరి చౌకులో విక్టోరియా కాలపు పెద్ద మార్కెట్ హాలు ఒకటి ఉండేది. 1986లో దాన్ని కూల్చారు. సంత మాత్రం ఆగలేదు. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో పొద్దున్నే అదే చోట ఆరుబయట గుడారాలు లేస్తాయి.